ఎదకు రాని పెయ్య: ఏడో వారంలో తేలిపోయిన సంగతి

జెర్సీ సంకర పెయ్య. వయసు రెండేళ్ల రెండు నెలలు. టేపుతో కొలిస్తే 270 కిలోల దాకా బరువు. వైనతేయ పాయ పక్కన ఒక లంక గ్రామంలో, కొబ్బరితోటలో వేసిన పాకలో పెంచుతున్నారు. రైతు చెప్పిన బాధ ఒక్కటే, ఇంతవరకు ఎదకు రాలేదు. అరుపు లేదు, తీగ (ఎదలో యోని నుంచి సాగే జిగురు) లేదు, పక్క పశువుల మీదికి ఎక్కడం లేదు.

కోనసీమ పశువైద్యశాలకు వచ్చే ఫిర్యాదుల్లో ఇంతకన్నా మామూలుది ఉండదు. వరిగడ్డి, తవుడు, గట్టుగడ్డి మీద పెరిగే పెయ్యలకు ఖనిజ లవణాలు చాలక ఎద ఆలస్యమవుతుంది. కాలవ నీళ్లు తాగే పశువులకు కాలేయపు జలగ వ్యాధి ఎప్పుడూ ఉండేదే. కాబట్టి ఎవరైనా ముందు ఆ దారినే వెళతారు, వెళ్లాలి కూడా. ఈ పెయ్య విషయంలోనూ అదే జరిగింది. ఊళ్లో గోపాలమిత్ర (పశువులకు ఎద సూదులు వేసే గ్రామ కార్యకర్త) నట్టల మందు, జలగల మందు తాగించాడు, నెలల తరబడి లవణ మిశ్రమం పెట్టించాడు. ఆ తర్వాత హార్మోను ఇంజక్షన్లు కూడా పడ్డాయి. ఏమీ కదలలేదు.

నాకు మొదట అనుమానం కలిగించింది పశువు ఒళ్లే. మేత చాలక ఎదకు రాని పెయ్యకు పక్కటెముకలు కనిపిస్తాయి, వెంట్రుక గరుకుగా ఉంటుంది. ఇది నిగనిగలాడుతోంది. మెడ దళసరిగా, ముందు భాగం బలంగా, దూరం నుంచి చూస్తే కోడెలా ఉంది.

"మేపుకి లోటేం లేదండి డాక్టరుగారూ. మా ఆవిడ నాకన్నా ముందు దీనికే పెడద్దండి" అన్నాడు రైతు.

పరీక్షలో కనిపించింది

చనుకట్లు బటానీ గింజంతే ఉన్నాయి. పొదుగు పెరిగిన జాడే లేదు. యోని పెదాలు చిన్నవి, కింది కొస నుంచి పొడుగాటి వెంట్రుకల కుచ్చు వేలాడుతోంది. క్లైటోరిస్ ఉండాల్సిన దానికన్నా పెద్దది. నున్నటి గుండ్రటి మొన ఉన్న కడ్డీకి జెల్లీ రాసి నెమ్మదిగా లోపలికి పంపితే 9 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోయింది. అదే పాకలో ఇంచుమించు అదే ఈడు పెయ్య ఇంకొకటి ఉంది. దానికి అదే కడ్డీ మూడింతలు లోపలికి వెళ్లి గర్భాశయ ముఖం దగ్గర ఆగింది.

పేడ మార్గం గుండా చెయ్యి పెట్టి చూస్తే కటి ఎముక మీద గట్టి గొట్టంలా తగలాల్సిన గర్భాశయ ముఖం లేదు. గర్భాశయం ఉండాల్సిన చోట సన్నటి తాడులాంటిది చేతికి అందింది. అండాశయాలు చిక్కుడు గింజకన్నా చిన్నవి, మీద గింజా (అండం పెరిగే బుడగ) లేదు గుంటా లేదు. మూత్రాశయం మెడ దగ్గర మాత్రం రెండు వైపులా గరుగ్గా, తమ్మెలు తమ్మెలుగా రెండు గ్రంథులు తగిలాయి. ఆడపశువుకు అక్కడ అలాంటివి ఉండవు. అవి కోడెకు ఉండే వీర్యకోశాలు.

ఆ గ్రంథులు తగిలాక రోగం పేరు చెప్పడానికి ప్రయోగశాల అవసరం లేదనే నా అభిప్రాయం. అయినా పశువును ఉంచుకోవాలా వద్దా అనే నిర్ణయం రైతుది, ఆయన చేతిలో కాగితం ఉండాలి. అందుకని రక్తం తీశాం. దానికన్నా ముందు ఒక ప్రశ్న అడిగాను: ఇది కవలల్లో పుట్టిందా?

రైతుకు తెలియదు. నాలుగు నెలల దూడగా ఉన్నప్పుడు, తల్లితో కలిపి కాకుండా దీన్నొక్కదాన్నే కొన్నాడు. అమ్మినతను కవలల మాట ఎత్తలేదు. అరుగు మీద కూర్చున్న రైతు తల్లి అందుకుంది. కొనడానికి వెళ్లినరోజు ఆ ఆవు కింద రెండు దూడలు తాగుతున్నాయట, రెండోది కోడెదూడట. "పక్కవాళ్లదేమో, పాలు చాలక వదిలారనుకున్నానండి" అంది. ఫోను చేసి వాకబు చేస్తే నిజమే, ఆ ఆవు ఒకే ఈతలో కోడెదూడనూ పెయ్యదూడనూ వేసింది.

ప్రయోగశాల నుంచి వచ్చిన కాగితంలో రెండు సంగతులున్నాయి. పీసీఆర్‌లో వై క్రోమోజోముకు చెందిన జన్యువు ముక్క దొరికింది. క్రోమోజోముల పరీక్షలో తెల్ల రక్తకణాల్లో కొన్ని 60, ఎక్స్ఎక్స్‌గా (60 క్రోమోజోములు, ఆడ), కొన్ని 60, ఎక్స్‌వైగా (మగ) ఉన్నాయి. అంటే ఒకే ఒంట్లో ఆడ రక్తమూ మగ రక్తమూ కలిసి తిరుగుతున్నాయి. ఇక్కడ సాటి వైద్యులకు ఒక మాట. జెర్సీ, హోల్‌స్టీన్ జాతుల వై క్రోమోజోము చిన్నదైనా దాని ఆకారం మిగతావాటికి వేరుగా ఉంటుంది, కాబట్టి సూక్ష్మదర్శినిలో సులువుగా పట్టుకోవచ్చు. ఒంగోలు లాంటి మూపురం జాతుల్లో వై కూడా మిగతా క్రోమోజోముల మాదిరి ఒక కొసన మెలిక ఉన్న ఆకారంలోనే ఉంటుంది. పట్టుకోవడానికి చెయ్యి తిరిగినవాళ్లు కావాలి. మన దగ్గర ఆ పశువులకు పీసీఆరే నయం.

రోగ నిర్ధారణ: ఫ్రీమార్టిన్. కోడెదూడతో కవలగా పుట్టి గొడ్డుపోయిన పెయ్య.

ఈ సంగతి లోకానికి కొత్త కాదు. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1779లోనే ఇలాంటి పశువులను కోసి చూసి వర్ణించాడు. కారణం మాత్రం 20వ శతాబ్దం దాకా తేలలేదు. వియన్నాలో టాండ్లర్, కెల్లర్, ఆ తర్వాత 1916లో షికాగోలో ఫ్రాంక్ లిల్లీ కబేళాల నుంచి చూడి ఆవుల గర్భాశయాలు తెప్పించుకుని పరిశీలించారు. కవల పిండాల మావి రక్తనాళాలు ఒకదానితో ఒకటి అతుక్కుపోవడం, ఒకరి రక్తం మరొకరికి పారడం వాళ్లు చూశారు. మగ పిండం నుంచి ఏదో పదార్థం రక్తంలో వచ్చి ఆడ పిండాన్ని చెడగొడుతోందని లిల్లీ రాశాడు. హార్మోన్ల గురించి తెలిసింది అంతంతమాత్రమైన రోజుల్లో అది సాహసమే.

రైతు అడిగిన ప్రశ్న

కాగితం చూపించి ఇదంతా చెప్పాక రైతు ఒక ప్రశ్న వేశాడు. "రెండూ ఒకే కడుపులో ఉన్నాయి, రక్తం అటూ ఇటూ పారింది అంటున్నారు కదండి. మరి కోడెదూడ ఎందుకు పాడవలేదండి? ఆడదే ఎందుకు పాడయింది?"

ఆ ప్రశ్న కోసమే ఈ కేసు రాస్తున్నాను. దానికి జవాబు వృషణం, అండాశయం ఎదిగే వేగాల్లో ఉంది.

పిండంలో మొదట వృషణమూ ఉండదు, అండాశయమూ ఉండదు. మూత్రపిండం మొదటి రూపం పక్కన, కడుపు గోడ లోపలి పొర కొంచెం మందమై, ఒక గట్టులా లేస్తుంది. దాన్నే బీజకోశం అనుకుందాం. ఆడ పిండంలోనూ మగ పిండంలోనూ అప్పటికి అది ఒకేలా ఉంటుంది. వేరే చోట పుట్టిన బీజకణాలు అక్కడికి నడిచి వచ్చి చేరతాయి. ఆవు చూడి సుమారు 280 రోజులు. అందులో 36 నుంచి 39 రోజుల మధ్య మగ పిండం బీజకోశంలో వై క్రోమోజోము మీది ఎస్ఆర్‌వై జన్యువు మేలుకుంటుంది. ఈ జన్యువును 1990లో లండన్ పరిశోధకులు కనిపెట్టారు. మరుసటి ఏడాది దాన్ని ఆడ చిట్టెలుక పిండంలో పెడితే వృషణాలు వచ్చాయి.

ఎస్ఆర్‌వై పని అనగానే పుస్తకాలన్నీ సాక్స్9 అనే రెండో జన్యువును మేల్కొలపడం గురించి చెబుతాయి. నిజమే. కానీ దానితోపాటే, కంటికి కనిపించే మొదటి మార్పు ఒకటుంది: కణాలు గబగబా పెరగడం. బ్లాంచ్ కేపెల్ బృందం 2000లో చిట్టెలుకల మీద దీన్ని స్పష్టంగా చూపించింది. చిట్టెలుక చూడి సుమారు 20 రోజులు. అందులో పదకొండో రోజు దాటాక మగ పిండం బీజకోశపు పైపొరలోని కణాలు ఒక్కసారిగా విభజన మొదలుపెడతాయి. అలా పుట్టిన కణాల్లో కొన్ని లోపలికి దిగి సెర్టోలీ కణాలవుతాయి. వృషణానికి మేస్త్రీలు అవే, మిగతా కణాలకు ఎక్కడ కూర్చోవాలో చెప్పేవి అవే. ఒక్క రోజు తిరిగేసరికి మగ బీజకోశం ఆడదానికన్నా బాగా పెద్దదవుతుంది. ఆడ పిండంలో అదే పొర అదే సమయంలో నిదానంగా ఉంటుంది.

ఆ బృందమే ఆ తర్వాత ఇంకో పని చేసింది. సరిగ్గా ఆ వేళకు కణ విభజనను ఆపే మందులు వేసి చూశారు. ఎస్ఆర్‌వై ఉన్నా వృషణం కట్టుకోలేదు. అదే మందు కాస్త ఆలస్యంగా వేస్తే వృషణం కట్టుకుంది, కాకపోతే చిన్నదిగా. అంటే పెరుగుదల అనేది వృషణం అయ్యాక జరిగే సంగతి కాదు, వృషణం అవడానికే కావలసిన సంగతి. తగినన్ని సెర్టోలీ కణాలు పోగవ్వాలి. అవి ఎఫ్‌జీఎఫ్9 లాంటి సంకేతాలు ఒకదానికొకటి పంపుకుని నిర్ణయాన్ని గట్టిపరచుకోవాలి. ఆ లెక్క అందకపోతే బీజకోశం అండాశయం దారి పడుతుంది. ఎస్ఆర్‌వై ఆరు గంటలు ఆలస్యంగా మేలుకున్నా చిట్టెలుకలో పని చెడుతుందని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు.

వేగమే అసలు కీలకమని ఇంతకుముందే అన్నవాళ్లున్నారు. లండన్‌లో ఉర్సులా మిట్‌వోక్ 1969లోనే, ఎదుగుతున్న వృషణాలూ అండాశయాలూ కొలిచి, వృషణం ముందే పెద్దదవుతుందని రాసింది. ఒక జన్యువు మీట నొక్కినట్టు పనిచేస్తుందన్న ఊహ అందరికీ నచ్చిన రోజుల్లో ఆమె మాట ఎక్కువమంది పట్టించుకోలేదు. నాకు మాత్రం పశువుల మధ్య తిరిగే మనిషిగా ఆమె చూపే దగ్గరగా అనిపిస్తుంది. మనుషుల్లో వృషణ కణజాలమూ అండాశయ కణజాలమూ రెండూ ఉన్న అరుదైన కేసుల్లో వృషణం ఎక్కువగా కుడి వైపు, అండాశయం ఎక్కువగా ఎడమ వైపు ఉంటాయి. ఆమె దీన్ని కూడా రెండు వైపుల పెరుగుదల వేగంలో తేడాతోనే చూసింది.

కోళ్లలో కుడి, ఎడమల తేడా ఇంకా మొరటుగా కనబడుతుంది. పెట్టకు పనిచేసే అండాశయం ఎడమ వైపుదొక్కటే, కుడిది పిండంలోనే ఎదగడం ఆగిపోతుంది. ముసలి పెట్టకు ఏ రోగం వల్లో ఎడమ అండాశయం చెడితే, నిద్రపోతున్న కుడి బీజకోశం లేచి వృషణంలా మారవచ్చు. అప్పుడు ఆ పెట్టకు జుట్టు పెరుగుతుంది, కూత కూస్తుంది. పెట్ట కూస్తే ఇంటికి మంచిది కాదని మా వైపు దాన్ని ఆ పూటే కోసేస్తారు. కోసేముందు ఒకసారి నన్ను పిలవమని చెబుతుంటాను, ఇంతవరకు ఎవరూ పిలవలేదు.

మళ్లీ పెయ్య దగ్గరికి. ఆడ పిండం బీజకోశం నిదానంగా ఉంటుందన్నాను కానీ ఖాళీగా ఉంటుందని కాదు. ఆడది కావడమంటే ఏమీ జరగకపోవడమే అని పాత పాఠ్యపుస్తకాలు రాసేవి, అది తప్పు. డబ్ల్యూఎన్‌టీ4, ఆర్‌స్పాండిన్1, ఫాక్స్ఎల్2 అనే జన్యువులు అండాశయాన్ని కడతాయి, మగ దారిని అణచి ఉంచుతాయి. తేడా ఏమిటంటే, పెరిగే కణాలు వేరు, పెరిగే వేళ వేరు. వృషణంలో ముందుగా పెరిగేవి సెర్టోలీ కణాలు. వాటి విభజన పుట్టిన తర్వాత కూడా కొంతకాలం సాగుతుంది, ఆ సంఖ్యను బట్టే పెద్దయ్యాక ఆబోతు ఎంత వీర్యం ఇవ్వగలదో తేలుతుంది. మగ బీజకణాలు మాత్రం పిండంలోనే విభజన ఆపి పడుకుంటాయి. అండాశయంలో దీనికి తలకిందులు. సెర్టోలీ కణాలకు జోడీ అనదగ్గ గ్రాన్యులోసా కణాలు తొలిరోజుల్లో విభజన ఆపి కూర్చుంటాయి, ఆడ బీజకణాలు విపరీతంగా పెరుగుతాయి. మనిషి ఆడ పిండంలో అయిదో నెలకు అవి అరవై, డెబ్బై లక్షలకు చేరి, పుట్టేసరికి పది, ఇరవై లక్షలకు పడిపోతాయి. ఆవు ఆడ పిండంలో బీజకణాలు అండాలుగా మారే విభజనలోకి అడుగుపెట్టేది 75 నుంచి 80 రోజులకు, వాటి చుట్టూ తొలి గింజలు కట్టుకునేది 90 రోజుల వేళకు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఆవు కవలల మావి నాళాలు చూడి ముప్పయ్యో రోజు దాటాక అతుక్కోవడం మొదలవుతుంది. నలభయ్యో రోజు వేళకు మగ పిండంలో సెర్టోలీ కణాలు గుంపులు కట్టి నాళికలు వేసేసి ఉంటాయి, హార్మోన్లు వదలడం మొదలుపెడతాయి. ఆ వేళకు ఆడ పిండంలో అండాశయం పేరుకే ఉంది. దాని అసలు పని మొదలుకావడానికి ఇంకా నెల పైన ఉంది.

సెర్టోలీ కణాలు వదిలే ముఖ్యమైన హార్మోను ఏఎంహెచ్. పట్నంలో పిల్లలు కావాలని ఆస్పత్రికి వెళ్లిన ఆడవాళ్లకు ఈ పేరు తెలుసు, అండాల నిల్వ అంచనాకు ఇదే పరీక్ష రాస్తారు. పిండంలో దీని పని వేరు, గర్భాశయంగా మారాల్సిన ముల్లేరియన్ నాళాలను కరిగించడం. మగ పిండానికి అవి అక్కర్లేదు కాబట్టి కరిగిస్తుంది. అలాంటి పదార్థమొకటి ఉండి తీరాలని ఫ్రాన్సులో ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ 1947లో కుందేలు పిండాలకు శస్త్రచికిత్సలు చేసి చెప్పాడు. తర్వాత శాస్త్రవేత్తలు దాన్ని శుద్ధి చేసి తీసింది లేగదూడల వృషణాల నుంచే.

ఒకే బోదె నీరు పారే రెండు చేలలో పైచేనికి కొట్టిన మందు కిందిచేనికి దిగినట్టు, అన్న వదిలిన ఏఎంహెచ్ చెల్లెలి ఒంట్లోకి వెళ్లింది. దాని గర్భాశయ నాళాలు కరిగాయి. నాకు తాడులా తగిలింది అదే. యాభయ్యో రోజు వేళకు ఆడ పిండం బీజకోశం ఎదుగుదల నిలిచిపోతుంది, బీజకణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. టెస్టోస్టెరాన్ కూడా వస్తుంది కాబట్టి మగ నాళాలు కొంత నిలబడి వీర్యకోశాలు ఏర్పడతాయి. తిరుగు దారిలో చూస్తే, ఆడ పిండం నుంచి మగ పిండానికి కూడా రక్తం వెళ్లింది. కానీ వృషణాన్ని అలా ఆపగల హార్మోనేదీ అండాశయం అప్పుడు పంపదు. ముందు లేచినవాడు చెల్లెలి ఇంట్లో దీపం ఆర్పాడు, చెల్లెలికి ఇంకా తెల్లవారలేదు.

రైతు విని, "అంటే ఇది పుట్టకముందే గొడ్డుపోయిందన్నమాటండి. మరి ఇన్నాళ్లు ఆ సూదులు ఎందుకేశారండి" అన్నాడు. గోపాలమిత్ర అక్కడే ఉన్నాడు. అతణ్ని తప్పుపట్టాల్సింది లేదు. కవలల సంగతి తెలియకుండా ఎవరైనా మేతనుంచే మొదలుపెడతారు. కానీ హార్మోను సూది వేసేముందు కడ్డీ పెట్టి లోతు చూస్తే ఆ ఖర్చు మిగిలేది. ఎద తెప్పించే మందులన్నీ ఉన్న అండాశయాన్ని కదిలించేవే. లేనిదాన్ని ఏ సూదీ పుట్టించలేదు.

పోస్టుమార్టం

మామూలుగా ఇలాంటి కేసు ఇక్కడితో ముగుస్తుంది. కోత లేకుండా బీజకోశం లోపల ఏముందో చూడలేం, రైతు పశువును కోయించడు, కోయించమని నేనూ అడగను. ఈ పెయ్య మాత్రం వేసవి చివర్లో గాలివాన సాయంత్రం కొబ్బరిచెట్టు కింద పిడుగుపాటుకు పోయింది. పరిహారం కోసం పోస్టుమార్టం కాగితం కావాలి. రైతు అనుమతితో, ఆ పని చేస్తున్నప్పుడే లోపలి భాగాలు తీసి ఫార్మలిన్‌లో వేశాను.

కుడి బీజకోశం ఒకటిన్నర సెంటీమీటరు ఉంది, ఎడమది ఇంకా చిన్నది. కోసి చూస్తే రెంటిలోనూ ఒక్క గింజ కూడా లేదు. గర్భాశయ కొమ్ములు ఉన్నచోట గట్టి తాళ్లు, లోపల బోలు లేదు. వీర్యకోశాలు రెండూ చేతికి తగిలినట్టే ఉన్నాయి. పలచటి కోతలు రంగు వేసి సూక్ష్మదర్శినిలో పెట్టించినప్పుడు కుడి బీజకోశం మధ్యలో గుండ్రటి నాళికల్లాంటివి కనిపించాయి, లోపల సెర్టోలీ కణాల్లాంటి పొడుగాటి కణాలు వరసగా ఉన్నాయి. వీర్యకణాలుగానీ, వాటి ముందు దశలుగానీ ఏవీ లేవు.

ఆడ జన్యువులున్న పెయ్య బీజకోశంలో వృషణపు నాళికలు ఎలా వచ్చాయి? ఆ చిన్న ముక్కలో సెర్టోలీ కణాల్లాంటివి ఎందుకున్నాయి? నాకు సరైనదనిపించే జవాబు ఇది. అండాశయంలోని గ్రాన్యులోసా కణాలు తమను తాము అండాశయ కణాలుగా నిలబెట్టుకోవాలంటే బీజకణాలు పక్కన ఉండాలి, ఫాక్స్ఎల్2 పనిచేస్తూ ఉండాలి. బీజకణాలు పోతే వాటికి పట్టు తప్పుతుంది. 2009లో పెద్ద చిట్టెలుకల అండాశయాల్లో ఫాక్స్ఎల్2ను తీసేస్తే గ్రాన్యులోసా కణాలే సెర్టోలీ కణాల్లా మారిపోయాయి. అంతకుముందు 1990లో, ఏఎంహెచ్ అతిగా తయారయ్యేలా చేసిన ఆడ చిట్టెలుకల్లో గర్భాశయం లేకుండాపోయింది, అండాశయాల్లో బీజకణాలు పోయి వృషణపు నాళికల్లాంటివి వచ్చాయి. మన పెయ్యలో చూసిందీ అదే వరస. మగదనం వచ్చిందనేకన్నా అండాశయం నిలబడలేక కూలాక మిగిలిన ఆకారం అదీ అనాలి. ఫ్రీమార్టిన్ పిండాల్లో ఈ నాళికలు 90 రోజులు దాటాకనే, అంటే ఎదుగుదల ఆగిన చాలా రోజులకు కనిపిస్తాయన్నది కూడా దీనికి సరిపోతుంది.

రక్తంలో ఎక్స్‌వై కణాలు ఎన్ని శాతం ఉన్నాయన్నదానికీ పశువు ఎంత చెడిందన్నదానికీ సంబంధం లేదు. ప్రయోగశాల కాగితంలో ఆ అంకె చూసి రైతులు ఆశ పెట్టుకోవడం నాకు తెలుసు. ఆ రక్తకణాల మూలకణాలు కవల నుంచి వచ్చి ఎముక మజ్జలో స్థిరపడినవి, పశువు బతికినంతకాలం ఉంటాయి. రక్తంలో ఈ కలగలుపును మొదట గుర్తించింది 1945లో అమెరికా శాస్త్రవేత్త రే ఓవెన్. కవల దూడలు ఒకదాని కణాలను ఇంకొకటి పరాయిగా భావించడం లేదన్న అతని పరిశీలన నుంచే అవయవ మార్పిడి వైద్యానికి ఆధారమైన ఆలోచన మొదలైంది. ఆ ఆలోచనకు బర్నెట్, మెడవార్‌లకు 1960లో నోబెల్ వచ్చింది. పాకలో కట్టేసిన గొడ్డు పెయ్యకు అంత చరిత్ర ఉంది.

పొరపడేందుకు వీలున్న జబ్బులు ఒకటి రెండున్నాయి. గర్భాశయం పుట్టుకతో కొంత భాగం లేని పెయ్యలు ఉంటాయి, కానీ వాటికి అండాశయాలు బాగానే ఉంటాయి, ఎదకు వస్తాయి. పుట్టుకతో అండాశయం చిన్నదైన పెయ్యలకు యోని లోతు మామూలుగానే ఉంటుంది. మేకల్లో ఇంకొక సంగతి ఉంది. సానెన్, ఆల్పైన్ లాంటి ఐరోపా జాతుల్లో కొమ్ముల్లేని జన్యువు రెండు వైపుల నుంచీ వస్తే ఆడపిల్ల మగ లక్షణాలతో గొడ్డుగా పుడుతుంది. అక్కడ కవలలతో పని లేదు, ఫాక్స్ఎల్2 దగ్గర జన్యు లోపమే కారణం. గేదెల్లో కవలలే బహు అరుదు కాబట్టి మన ముర్రా రైతులకు ఈ బాధ దాదాపు తగలదు.

ఒంటరిగా పుట్టిన పెయ్య కూడా ఫ్రీమార్టిన్ కావచ్చని మరిచిపోకూడదు. నాళాలు అతుక్కున్నాక మగ పిండం కడుపులోనే చనిపోయి కరిగిపోతే పుట్టేది ఒక్కటే దూడ, ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఎదకు రాని పెయ్యకు కవలల చరిత్ర లేకపోయినా కడ్డీ పరీక్ష చేయమంటాను. పుట్టిన వారం నుంచి నెలలోపు మామూలు పెయ్యదూడకు 13 నుంచి 15 సెంటీమీటర్లు వెళుతుంది, ఫ్రీమార్టిన్‌కు 5 నుంచి 8 మధ్యే ఆగుతుంది. నున్నగా గుండ్రటి మొన ఉన్న గొట్టం, జెల్లీ ఉంటే చాలు. బలవంతంగా తోయకూడదు. అనుమానం మిగిలితే రక్తం గడ్డకట్టనివ్వని ఈడీటీఏ గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పీసీఆర్‌కు పంపాలి. ఇది పుట్టిన ప్రతి దూడకూ ఇవ్వాల్సిన సలహా కాదు, కోడెదూడతో కవలగా పుట్టిన పెయ్యకు మాత్రం తప్పనిసరి.

కవల కోడెదూడ గురించి కూడా ఒక మాట. పైకి బాగానే ఉంటాడు, కానీ ఇలాంటి ఆబోతుల్లో కొన్నింటికి వీర్యం నాణ్యత తక్కువగా ఉంటుంది. ఊరి ఆబోతుగా ఉంచుకోవద్దని నా సలహా.

కవలగా పుట్టిన పెయ్యలన్నీ ఇలా అవుతాయా? కావు. కోడెదూడతో పుట్టిన పెయ్యల్లో నూటికి తొంభైకి పైగా ఫ్రీమార్టిన్లే. మిగతావాటిలో మావి నాళాలు అతుక్కోలేదు, లేదా ఆలస్యంగా అతుక్కున్నాయి. అలాంటిది ఒకటి మా పరిధిలోనే ఈమధ్య కనిపించింది. పక్క ఊళ్లో సంకర ఆవు కోడెనూ పెయ్యనూ వేసింది. పిడుగుకు పోయిన పెయ్య సంగతి అందరికీ తెలిసిపోవడంతో, ఈ పెయ్యదూడను పట్టుమని వారం తిరక్కుండానే అమ్మేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. మూడు వారాలకు కడ్డీ పెట్టి చూస్తే 14 సెంటీమీటర్లు లోపలికి వెళ్లింది. రక్తం పంపితే వై జాడ లేదు. దూడను ఉంచుకున్నారు. ఇప్పుడు దానికి తొమ్మిది నెలలు, ఎదకు వచ్చే ఈడు ఇంకా రాలేదు. ఏడాది నిండాక ఒకసారి చెయ్యి పెట్టి అండాశయాలు చూస్తానని చెప్పాను.